గంజి వార్చే ఊరు: తకమత్సులో ఒక గిన్నె ఉడోన్

తకమత్సులో దిగిన మర్నాడు పొద్దున తొమ్మిదింటికి, ల్యాబ్‌లో మాకు తోడుగా ఉన్న సీనియర్ "టిఫిన్‌కి వెళ్దాం రండి" అని మమ్మల్ని ఒక రేకుల షెడ్డు దగ్గరికి తీసుకెళ్ళాడు. ముందు సైకిళ్ళు, రెండు మినీ లారీలు. గోడకి ఆనించి పిండి బస్తాలు. "మామా, ఇది మెకానిక్ షెడ్డులా ఉందిరా" అన్నాడు నా రూమ్మేట్. లోపలికి అడుగు పెడితే ఒకటే ఆవిరి. పెద్ద పెద్ద కాగుల్లో నీళ్ళు మరుగుతున్నాయి. యూనిఫాం వేసుకున్న కూలీలు, టై కట్టుకున్న ఆఫీసువాళ్ళు, ఒక బామ్మ, అందరూ ఒకే వరసలో ట్రేలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మాట్లాడేవాళ్ళు తక్కువ. జుర్రుకునే చప్పుడు ఎక్కువ.

మేం జూన్‌లో మూడు వారాల ట్రైనింగ్ కోసం జపాన్ వెళ్ళాం. తకమత్సు ఊరు షికోకు దీవిలో, కగావా అనే రాష్ట్రంలో ఉంది. జపాన్‌లో విస్తీర్ణంలో అన్నిటికంటే చిన్న రాష్ట్రం ఇదే. దీని పాత పేరు సానుకి. అందుకే ఇక్కడి నూడుల్స్‌ని సానుకి ఉడోన్ అంటారు. 2011లో వీళ్ళు తమ రాష్ట్రానికి "ఉడోన్ రాష్ట్రం" అని సరదాగా పేరు మార్చేసి ప్రచారం కూడా చేసుకున్నారు. అంత పిచ్చి అన్నమాట.

జపాన్ నూడుల్స్ అంటే మనలో చాలామందికి గుర్తొచ్చేది రామెన్. ఉడోన్ వేరు. రామెన్ పిండిలో క్షారం కలుపుతారు, అందుకే అది పసుపుగా ఉంటుంది. ఉడోన్‌లో ఉండేవి గోధుమ పిండి, ఉప్పు, నీళ్ళు, అంతే. తెల్లగా, మన చిటికెన వేలికి కొంచెం తక్కువ లావుతో ఉంటుంది. ఇంత మామూలు వస్తువు చుట్టూ ఇంత గొడవేంటని మాకు మొదట అర్థం కాలేదు. మూడు వారాలు తిరిగాక అర్థమైంది ఏంటంటే, ఆ గిన్నెలో ఉన్నది నీళ్ళు తక్కువైన ఒక నేల కథ. ఆ కథ నాకు బాగా తెలిసినదే, ఎందుకంటే మాది కడప జిల్లా.

క్యూలో ఏం చేయాలి

ముందు తినడం సంగతి. సెల్ఫ్ సర్వీస్ కొట్లో పద్ధతి మన ఇంజినీరింగ్ మెస్ కంటే తేలిక. ట్రే తీసుకోవాలి. చిన్నదా, మధ్యదా, పెద్దదా చెప్పాలి. చిన్నదంటే ఒక ఉండ. ఉడికించి చుట్టగా చుట్టి పెట్టిన నూడుల్స్ అది. చాలా కొట్లలో ఆ ఉండని గిన్నెలో పెట్టి మన చేతికే ఇచ్చేస్తారు. పిడి ఉన్న చిన్న జల్లెడ బుట్టలో వేసి, పక్కనున్న వేడి నీళ్ళలో పది పదిహేను సెకన్లు ముంచి, దులిపి, మళ్ళీ గిన్నెలో వేసుకోవాల్సింది మనమే. తర్వాత బజ్జీల వరస. వంకాయ, చిలగడదుంప, గుడ్డు, చేప, రొయ్య, దేనికి దానికి విడిగా రేటు. డబ్బు కట్టాక చివర్లో ఒక స్టీలు ట్యాంకు, దానికి కుళాయి. తిప్పితే వచ్చేది నీళ్ళు కాదు, వేడి చారు. మా ఇద్దరికీ నవ్వాగలేదు. మన పెళ్ళిళ్ళలో కూడా రసానికి కుళాయి పెట్టలేదు ఇంతవరకూ.

ఉల్లికాడ ముక్కలు, అల్లం తురుము, బజ్జీ పిండి పలుకులు ఫ్రీ. చిన్న గిన్నె మూడు, నాలుగు వందల యెన్‌లలో అయిపోతుంది. తిన్నాక గిన్నె మనమే తీసుకెళ్ళి ఇవ్వాలి. చాలా కొట్లు మధ్యాహ్నం రెండింటికల్లా మూసేస్తారు. నూడుల్స్ అయిపోతే ఇంకా ముందే.

రకాలు బోలెడు ఉన్నట్టు కనిపిస్తాయి కానీ లెక్క సింపుల్. వేడి చారు పోసుకుంటే కాకె. చిక్కటి చారు కొంచెం మాత్రం పైన పోస్తే బుక్కాకె. చల్లటి నూడుల్స్‌ని విడిగా ఇచ్చిన చారులో ముంచుకుంటే జారు. కాగులోంచి తీసింది కడక్కుండా ఆ నీళ్ళతోనే ఇస్తే కామాఅగె. దాన్ని నీళ్ళు లేకుండా తీసి పచ్చి గుడ్డు కొట్టి కలిపితే కామాతామా. వట్టి సోయా సాస్ చల్లుకుంటే షోయు. నూడుల్స్ చల్లగా, చారు వేడిగా కావాలన్నా ఇస్తారు. దాన్ని "హియా-అత్సు" అంటారు, అంటే "చల్ల-వేడి". మా సీనియర్ ఎప్పుడూ అదే తింటాడు. వేడికి నూడుల్స్ మెత్తబడదు, చారు మాత్రం వేడిగా ఉంటుందని అతని లాజిక్.

పిండి, ఉప్పు, కాలు

సానుకి ఉడోన్‌కి ప్రాణం "కోషి". తెలుగులో ఒక్క మాటలో చెప్పడం కష్టం. పంటికి మొదట మెత్తగా తగిలి, తర్వాత ఎదురు తిరిగే గుణం. గట్టిదనం కాదు, సాగుడు కాదు, రెండూ కలిసినది. ఇది ఎలా వస్తుందన్నది మన సిలబస్‌లో ఉండాల్సిన విషయం.

గోధుమ పిండిలో గ్లూటెనిన్, గ్లయాడిన్ అనే ప్రొటీన్లు ఉంటాయి. నీళ్ళు తగిలి పిసికితే రెండూ కలిసి గ్లూటెన్ అనే వల అల్లుకుంటుంది. ఉప్పు ఆ వలని బిగిస్తుంది. ఎండాకాలం పిండి వేడికి జారిపోతుంది కాబట్టి ఉప్పు ఎక్కువ కావాలి, చలికాలం తక్కువ. దీనికి ఇక్కడ పాత సూత్రం ఒకటి ఉంది. మండు వేసవిలో కప్పు ఉప్పుకి 3 కప్పుల నీళ్ళు, గడ్డ చలిలో 6 కప్పులు, మిగతా రోజుల్లో 5. థర్మామీటర్ లేని రోజుల్లో తయారైన టెంపరేచర్ కరెక్షన్ టేబుల్ అనుకోండి. అంత ఉప్పు తింటామా అని భయపడక్కర్లేదు. ఉడికేటప్పుడు చాలావరకు నీళ్ళలోకి వెళ్ళిపోతుంది.

పిండి ఎంత గట్టిగా ఉంటుందంటే చేతులు చాలవు. కాళ్ళతో తొక్కుతారు. ఈ మాట వినగానే నా రూమ్మేట్ చెంచా కింద పెట్టేశాడు. "తిండిని కాలితో తొక్కడమేందిరా?" సీనియర్ కంగారుపడి ఫోన్‌లో వీడియో చూపించాడు. పిండిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పైన చాప వేసి, శుభ్రమైన సాక్సులతో అడుగులో అడుగు వేస్తూ తొక్కుతున్నారు. మా ఊళ్ళో కుమ్మరి మట్టి తొక్కేది సరిగ్గా అలాగే. ఒక ముద్దని అన్ని వైపుల నుంచీ సమంగా నొక్కడానికి మనిషి బరువుని మించిన యంత్రం అప్పట్లో ఏముంది? తొక్కి, మడిచి, మళ్ళీ తొక్కి, కొన్ని గంటలు నాననిస్తారు. ఇప్పుడు చాలా కొట్లలో ఈ పని మెషీన్ చేస్తుంది, కానీ ఆ మెషీన్ కూడా కాలి నడకనే కాపీ కొడుతుంది.

ఇంతకీ ఎవరు పడితే వాళ్ళు ప్యాకెట్ మీద "అసలైన సానుకి ఉడోన్" అని రాసుకోవడానికి లేదు. దానికి రూల్స్ ఉన్నాయి. కగావాలోనే తయారవ్వాలి. పిండి బరువులో నీళ్ళు 40 శాతం, ఉప్పు 3 శాతం తగ్గకూడదు. కనీసం 2 గంటలు నానాలి. 15 నిమిషాలు ఉడికిస్తే పిండిపదార్థం పూర్తిగా ఉడికిపోవాలి.

ఇంకో ఇంటరెస్టింగ్ సంగతి. కాగులోంచి అప్పుడే తీసిన ఉడోన్‌లో పై పొరలో నీళ్ళు దాదాపు 80 శాతం ఉంటే, నడి మధ్యలో 50 శాతం దగ్గర ఉంటాయి. ఆ తేడానే కోషి. పంటికి మెత్తనిది ముందు, గట్టిది తర్వాత తగలడానికి కారణం అదే. సమయం గడిచే కొద్దీ పైన ఉన్న నీళ్ళు లోపలికి పాకి రెండూ సమానమైపోతాయి. డిఫ్యూజన్ అంటే ఫిక్ చెప్పిన సూత్రాలు గుర్తున్నాయా? అవి గిన్నెలో పనిచేస్తాయి. అందుకే ఉడికించిన అరగంటకే నూడుల్స్ పాతబడిపోయిందంటారు ఇక్కడివాళ్ళు. అందుకే కొట్టు చిన్నదైనా కాగు ఎప్పుడూ మరుగుతూనే ఉండాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

గిన్నెలో చేప ఎక్కడుంది?

నా రూమ్మేట్ పుట్టి బుద్ధెరిగాక చేప ముట్టినవాడు కాదు. కుళాయి తిప్పబోతూ ఆగి, "ఇందులో ఏముందో కనుక్కోరా" అన్నాడు. కనుక్కుంటే ఉన్నది చేపే. ఉడోన్ చారుకి మూలం దాషి అనే కషాయం. జపాన్‌లో చాలాచోట్ల దాన్ని ఎండబెట్టిన బొనిటో చేప పెచ్చులతో, కొంబు అనే సముద్రపు నాచుతో కాస్తారు. ఇక్కడ మాత్రం పెద్దపీట ఇరికోది. ఇరికో అంటే ఉడికించి ఎండబెట్టిన చిన్న చేపలు, మన ఎండు నెత్తళ్ళకి దగ్గరి చుట్టాలు. కగావా పడమటి కొసన ఉన్న ఇబుకి అనే చిన్న దీవి వీటికి పేరు పొందింది.

పక్క గిన్నెలోంచి ఆ వాసన రాగానే నాకు మా అమ్మమ్మ ఇంట్లో నెత్తళ్ళ పులుసు గుర్తొచ్చింది. వాడికి మాత్రం ఆకలి చచ్చిపోయింది. అక్కడే అసలు సమస్య మొదలు. శాకాహారులు జపాన్‌లో ఏదైనా తినేముందు అడగాల్సింది "మాంసం ఉందా" అని కాదు, "దాషి ఉందా" అని. కంటికి కనపడే ముక్క ఏదీ ఉండదు కాబట్టి, మాంసం లేదని వాళ్ళు నిజాయితీగానే చెప్తారు. బజ్జీలు వంకాయవే అయినా పిండిలో గుడ్డు ఉండొచ్చు, నూనె అన్నిటికీ ఒకటే.

చివరికి దారి దొరికింది. నూడుల్స్‌లో పిండి, ఉప్పు, నీళ్ళు తప్ప ఏమీ లేవు కదా. షోయు ఉడోన్ చెప్పాం. టేబుల్ మీద సీసాల్లో కూడా మోసం ఉంది. కొన్నిట్లో దాషి కలిపిన సోయా సాస్ ఉంటుంది. కొట్టు పెద్దావిడ మా గోల అర్థం చేసుకుని, లోపలి నుంచి మామూలు సోయా సాస్ సీసా తెచ్చి ఇచ్చింది. చల్లటి నూడుల్స్ మీద నాలుగు చుక్కలు, అల్లం తురుము, ఉల్లికాడలు, ముల్లంగి తురుము, నువ్వులు. వాడు మొదటి ముద్ద తిని కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీరందరూ చారు తింటున్నారు, నేనొక్కడినే ఉడోన్ తింటున్నా" అన్నాడు. సీనియర్‌కి అనువదించి చెప్తే పగలబడి నవ్వాడు. ఇక్కడ పెద్దవాళ్ళు కూడా కొత్త కొట్టుని పరీక్షించేది వట్టి సోయా సాస్‌తోనేనట.

ఇక్కడే ఎందుకు?

జపాన్ అంతా వరి అన్నం తింటుంటే ఈ మూల గోధుమ ఎందుకు పట్టుకుంది? కారణం వాన. దక్షిణాన షికోకు కొండలు, ఉత్తరాన సముద్రం అవతల చూగోకు కొండలు. రెండు వైపుల నుంచి వచ్చే మేఘాలు అక్కడే కురిసేసి ఇక్కడికి ఖాళీగా వస్తాయి. సెతో లోసముద్రం ఒడ్డంతా వానచాటు ప్రాంతం. తకమత్సులో ఏడాదికి పడేది 1,100 మిల్లీమీటర్ల పైచిలుకు. జపాన్ సగటు సుమారు 1,700.

ఈ లెక్క విని నేను సీనియర్‌తో "మా జిల్లాలో 700కి అటూ ఇటూ" అన్నాను కొంచెం గొప్పగానే. కరువులో కూడా పోటీ! అతను నవ్వి, "వాన ఎంత పడిందన్నది కాదు, ఎంత నిలిచిందన్నది లెక్క" అన్నాడు. కగావాలో నదులు పొట్టివి, వాలు ఎక్కువ. పడిన వాన పడినట్టే సముద్రంలోకి జారిపోతుంది. అందుకే వీళ్ళు చెరువులు తవ్వారు. ఇంత చిన్న రాష్ట్రంలో పన్నెండు వేలకు పైగా చెరువులున్నాయి.

వాటిలో పెద్దది మన్నో-ఇకె. ఇకె అంటే చెరువు. ఎనిమిదో శతాబ్దం మొదట్లో కట్టారంటారు. గండి పడితే 821లో కూకై అనే బౌద్ధ భిక్షువు వచ్చి బాగు చేయించాడు. 774లో ఈ సానుకిలోనే పుట్టి, చైనాలో చదువుకుని వచ్చినవాడు. ఉడోన్‌ని చైనా నుంచి తెచ్చింది కూడా ఆయనేనని ఇక్కడ కథ చెప్పుకుంటారు. దానికి ఆధారం లేదు. ఉడోన్ కొట్లు కనిపించే పాత సాక్ష్యం 17వ శతాబ్దం చివరి నాటి కొంపిరా ఉత్సవం బొమ్మల తెర. కానీ ఒకే మనిషికి చెరువునీ, నూడుల్స్‌నీ రెండిటినీ అంటగట్టిన ఊరి తెలివిని మెచ్చుకోవాలి. రెండూ ఒకటేనని వాళ్ళకి ఎప్పుడో తెలుసు.

ఒక ఆదివారం ఆ చెరువు కట్ట మీద నిలబడ్డాం. నిల్వ 1.54 కోట్ల ఘనపు మీటర్లు. మన లెక్కలో అర టీఎంసీ కంటే కొంచెం ఎక్కువ. మన రిజర్వాయర్ల ముందు ఇదెంత అనిపిస్తుంది. కానీ నాకు గుర్తొచ్చింది రిజర్వాయర్ కాదు, మా వైపు పోరుమామిళ్ల చెరువు. అక్కడ 1369 నాటి శాసనం ఉంది. చెరువు కట్టడానికి ఏమేం అమరాలో పన్నెండు అంగాలు, ఏ తప్పులు చేయకూడదో ఆరు దోషాలు రాయి మీద చెక్కించారు. సివిల్ వాళ్ళు సెమినార్‌కి టాపిక్ వెతుక్కుంటుంటే ఇదిగో, తీసుకోండి. కూకై చెరువు తూము ఇప్పటికీ ఏటా జూన్ నడుమ పండగలా తెరుస్తారు. మా వైపు ఎన్ని చెరువుల తూములు ఎక్కడున్నాయో ఊళ్ళో కుర్రాళ్ళకి తెలుసు? నాకైతే తెలియదు.

చెరువు నీళ్ళు వరికి బొటాబొటిగా సరిపోతాయి. వరి కోశాక చలికాలం అదే మడిలో తక్కువ నీళ్ళతో పండేది గోధుమ. ఎండ ఎక్కువ, ఆటుపోట్ల ఒడ్డు ఉంది కాబట్టి ఉప్పు మడులు. సకాయిదేలో 1829లో కుమే మిచికాతా కట్టించిన ఉప్పు మడులు పేరుపొందినవి. ఎదురుగా షోదో దీవిలో నాలుగు వందల ఏళ్ళుగా సోయా సాస్. సముద్రంలో ఇరికో. పిండి, ఉప్పు, సాస్, చేప, నాలుగూ చుట్టుపక్కలవే. వాన తక్కువైన నేల తన దగ్గర ఉన్నవాటితో చేసుకున్న వంట ఇది. వరి నాట్లు అయ్యాక కొత్త గోధుమలతో ఉడోన్ చేసి నాట్లేసినవాళ్ళకి పెట్టడం ఇక్కడి ఆనవాయితీ. ఆ లెక్కన 1980 నుంచి జూలై 2ని ఉడోన్ దినంగా జరుపుకుంటున్నారు.

ఒక్క మెలిక. గత శతాబ్దం అరవైల నుంచి జపాన్‌లో గోధుమ సాగు బాగా పడిపోయింది. ఇప్పుడు సానుకి ఉడోన్‌లో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా గోధుమ. దానికి పోటీగా కగావా వాళ్ళు "సానుకి కల" అని అర్థం వచ్చే పేరుతో సొంత వంగడం తయారుచేశారు. సానుకి నో యుమే 2000, తర్వాత 2009. కొన్ని కొట్లు అది వాడుతున్నామని గర్వంగా బోర్డు పెడతాయి.

గంజి ఎక్కడికి పోతుంది?

ఇప్పుడు ఆ మరుగుతూనే ఉండే కాగు దగ్గరికి వద్దాం. కిలో నూడుల్స్ ఉడకాలంటే పది లీటర్ల నీళ్ళయినా ఉండాలి. ఉడికాక జిగురు పోయేలా చల్లటి నీళ్ళలో బాగా కడగాలి. అంటే నీళ్ళు లేని నేల తనకోసం కనిపెట్టుకున్న తిండి, నీళ్ళు తాగే తిండి అయి కూర్చుంది. పొలంలో ఆదా చేసింది కాగులో ఖర్చవుతోంది.

1994 వేసవిలో ఈ ఊరికి పెద్ద కరువు వచ్చింది. తకమత్సులో కుళాయి నీళ్ళు రోజుకి 5 గంటలకి పడిపోయాయి. 1974 నుంచి కొండ కింద సొరంగం తవ్వి పక్క రాష్ట్రం తోకుషిమా నుంచి యోషినో నది నీళ్ళు కాలువలో తెచ్చుకుంటున్నారు, అయినా చాలలేదు. ఎందుకంటే ఆ నదికి నీళ్ళిచ్చే డ్యామే ఎండిపోయింది. ల్యాబ్‌లో పనిచేసే ఒక పెద్దాయన ఆ రోజుల గురించి చెప్తూ, స్నానాల తొట్టిలో నీళ్ళు పట్టి ఉంచుకునేవాళ్ళమని చేతులతో చూపించాడు. మాకు అనువాదం అక్కర్లేకపోయింది. బిందెల వరస తెలిసినవాళ్ళకి ఆ సైగ చాలు.

రెండో సమస్య ఆ గంజి. ఉడోన్ ఉడికిన నీళ్ళు అచ్చం మన అన్నం వార్చిన గంజిలా చిక్కగా ఉంటాయి. వందల కొట్ల గంజి కాలువల్లోకి పోతే దాన్ని తినే సూక్ష్మజీవులు నీళ్ళలో ఆక్సిజన్ లాగేస్తాయి. కాలువ కంపు కొడుతుంది, చేప చస్తుంది. బీఓడీ అని ఎన్విరాన్‌మెంటల్ పేపర్‌లో మార్కుల కోసం బట్టీ పట్టాం కదా, అదే ఇది. చిన్న కొట్టు పెద్ద ట్రీట్‌మెంట్ ప్లాంట్ పెట్టుకోలేదు, అలాగని ఊరికే వదిలేయనూ కూడదు. దీనిమీద రాష్ట్రం నియమాలు బిగించాల్సి వచ్చింది.

2012లో ఇంకో ప్రయత్నం మొదలైంది. అరగంట దాటి పారేసిన ఉడోన్, కోయగా మిగిలిన ముక్కలు సేకరించి, గాలి చొరని ట్యాంకులో పులియబెట్టి గ్యాస్ తీస్తారు. ఆ గ్యాస్‌తో కరెంటు. అడుగున మిగిలిన మడ్డి గోధుమ పొలానికి ఎరువు. ఆ గోధుమ మళ్ళీ ఉడోన్. దీన్ని వివరించే పోస్టర్ ముందు నిలబడి నా రూమ్మేట్ అన్న మాట: "ఇది కుడితి తొట్టిరా. మా జేజి చేసేది ఇదే."

నిజమే. గంజి, బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయల తొక్కలు, అన్నీ కుడితి తొట్టిలోకి. అక్కణ్ణించి బర్రెకి. బర్రె పేడ చేనికి. వాళ్ళ జేజికి బీఓడీ తెలియదు, కానీ గంజి కాలువలో పోస్తే ఊరుకునేది కాదు. మన అపార్ట్‌మెంట్లలో, హాస్టల్ మెస్సుల్లో ఆ తొట్టి ఎప్పుడు మాయమైందో మనం గమనించనే లేదు.

తిరిగొచ్చాక మా మెస్ వెనక్కి వెళ్ళి చూశాను. అన్నం వార్చిన గంజి నేరుగా మురుగు కాలువలోకి పోతోంది. రోజుకి ఎన్ని లీటర్లో కొలిచి, దానిలో బీఓడీ ఎంతో చూసి, చిన్న గ్యాస్ ట్యాంకుకి సరిపోతుందో లేదో లెక్కేయడం మా ఇద్దరి మినీ ప్రాజెక్ట్. గైడ్ ఇంకా ఒప్పుకోలేదు. "టైటిల్ బాగుంది కానీ డేటా తీసుకురండి" అన్నారు. సోమవారం పొద్దున ఆరింటికి బకెట్లతో మెస్ దగ్గర ఉంటాం. ఎవరైనా వస్తే ఇంకో రెండు చేతులు కావాలి.